యాభై కిలోలు

ఆ గదిలో కాగితాన్ని ఎవరూ చదవరు. చూస్తారు, కొడతారు, తిప్పేస్తారు. చదివేది ఒక్కతే. అందుకే ఆమెకు చదువులమ్మ అని పేరు పడింది. ముద్దుకు పెట్టిన పేరు కాదది. మిగతా ఐదుగురూ రోజుకు తొంభై కేస్ షీట్లు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే ఆమె బండి డెబ్భై దగ్గరే మొరాయించేది.

గది ఆసుపత్రి వెనక, లాండ్రీ పైన ఉంది. కింద దుప్పట్లు ఉడుకుతున్న ఆవిరి మెట్లెక్కి పైకి వచ్చి కిటికీ అద్దాల మీద చెమటలా కూర్చునేది. సబ్బు వాసన, దాని అడుగున ఎంత ఉడికించినా చావని రక్తపు వాసన. ఆరు కుర్చీలు, ఆరు కంప్యూటర్లు, గోడవార నడుమెత్తు పేర్చిన కేస్ షీట్ల కట్టలు. ఆ కాగితాల మీద టీ గ్లాసుల గుండ్రాలు, గుండుసూదుల తుప్పు, ఒక్కోసారి ఎవరిదో ఎండిపోయిన కఫం. వాటిలో ఉన్నదాన్ని తెర మీది గళ్ళలో నింపితే అది ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్ల హాలుకు చేరుతుంది.

ఆ హాలు ఫొటో ఒకటి గోడకు ఉంది. వరుసలుగా నల్లటి బీరువాలు, ఒక్కో బీరువాకూ చిన్న నీలి దీపం. పది ఆసుపత్రుల రోగుల వివరాలు ఆ బీరువాలు ఒక్కచోట చేర్చి చూస్తాయట. ఏ మందు ఎవరికి పడుతుందో, ఎవరిని దెబ్బతీస్తుందో, ఒక డాక్టరు జన్మంతా కూర్చున్నా తేల్చలేనిది గంటలో తేలుస్తాయట. పనిలో చేరిన రోజు చెప్పిన ఆ మాట చదువులమ్మకు ఎంత నచ్చిందంటే, ఫొటో ఎదురుగా ఉన్న ఆరో కుర్చీ అడిగి తీసుకుంది.

సోమవారం మధ్యాహ్నం ఆమె చేతిలో ఒక షీటు ఆగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళ ఆడమనిషి. టీబీ. బరువు అని రాసిన చోట చిన్న గీత తప్ప ఏమీ లేదు. దాని కింద ఎవరో డాక్టరు వంకర అక్షరాలతో రాశాడు: చాలా నీరసం, నిలబడలేకపోతోంది, భర్త ఎత్తుకొచ్చాడు. మూడు వారాల తర్వాత తారీఖుతో ఇంకో వాక్యం: కళ్ళు పసుపు, మాత్రలు ఆపాము. ఆ తర్వాత కాగితమంతా ఖాళీ.

"చదువులమ్మా, ఎన్నో అధ్యాయంలో ఉన్నావ్?" పక్క కుర్చీలోంచి మెరుపక్క అడిగింది. ఆమె వేళ్ళు మాటలతో సంబంధం లేకుండా వాటి పాటికి అవి ఆడుతూనే ఉంటాయి. అందుకే మెరుపక్క.

"బరువు లేదక్కా."

"లేకపోతే యాభై కొట్టు. ఏడాదైంది, ఇంకా కొత్తగా అడుగుతావేంటే!"

"ఈమెను మొగుడు ఎత్తుకొచ్చాడట."

"అయితే బరువు ఆయన్నడుగు. నాకేం తెలుసు?"

గదంతా నవ్వింది. చదువులమ్మ కూడా కొంచెం నవ్వింది. నవ్వకపోతే ఇంకో మాట పడుతుంది.

బరువు గడి ఖాళీగా వదిలితే తెర మీద ఎర్రగీత పడుతుంది, షీటు ముందుకు కదలదు. 'తెలియదు' అని నొక్కే వీలుంది. నొక్కితే ఇంకో మూడు పేజీలు తెరుచుకుంటాయి: ఎందుకు తెలియదు, ఎవరినైనా అడిగారా, అంతకుముందు ఏం వేశారు. ఆ మూడు పేజీల పుణ్యమా అని ఆ గదిలో తెలియనిదంటూ ఏదీ మిగల్లేదు.

తొంభై సార్ ఆమె వెనక వచ్చి నిలబడ్డాడు. రోజుకు తొంభై షీట్లు అన్న మాట తప్ప ఆయన నోట ఇంకో మాట అరుదు కాబట్టి ఆ పేరు. ఆమె చేతిలోని షీటును రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుక తోక పట్టుకున్నట్టు పట్టుకుని చూశాడు. తిరిగి బల్ల మీద పడేసి, జేబులోంచి చిన్న సీసా తీసి అరచేతుల్లో రెండు చుక్కలు వేసుకుని రుద్దుకున్నాడు.

"బరువొక్కటే కదమ్మా! మనిషికి ఓ పది కిలోలు అటో ఇటో. యాభై అన్నామనుకో, ఎవరికీ అన్యాయం జరగదు. మధ్యస్థంగా ఉంటుంది."

చదువులమ్మ యాభై కొట్టింది. ఎర్రగీత మాయమైంది. మొగుడు చేతుల మీద వచ్చిన మనిషి యాభై కిలోల మనిషిగా మారి బీరువాల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి అత్త కిటికీ కింద కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతోంది. కుడుతోందంటే సూది చేతిలో ఉంది, అంతే. ఇరవై చొక్కాలు ఎలా వచ్చినవి అలాగే ఉన్నాయి. లారీ మీద ఊళ్ళు తిరిగే కొడుకు నెలకోసారి వచ్చి పోతాడు. మిగతా రోజులన్నీ ఈ గదిలో ఇద్దరే ఆడవాళ్ళు, ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ, ఒకరికోసం ఒకరు అన్నం మూతపెట్టి ఉంచుకుంటూ.

"పొద్దున్నుంచీ ఏం తిన్నావత్తా?"

"టీబీ మాత్రలు తిన్నాను. అవే మహా బరువుగా ఉన్నాయి."

"అన్నం?"

"అన్నం పేరెత్తకు. కడుపులో దేవుతోంది." సూదిని చొక్కాకు గుచ్చి కళ్ళు మూసుకుంది. "రెండు నెలలు ఓపిక పట్టాను, ఇంకో నాలుగు నెలలేగా! దగ్గు తగ్గిందా లేదా అది చెప్పు. దగ్గు తగ్గితే నువ్వు నన్ను తిట్టే తిట్లు నాకు శుభ్రంగా వినబడతాయి."

చదువులమ్మ నవ్వబోయి ఆగింది. సాయంత్రపు వెలుగు అత్త మొహం మీద పడింది. కళ్ళు తెరిచినప్పుడు తెల్లగా ఉండాల్సిన చోట తెలుపు లేదు.

"నన్ను చూడు," అంది. "పైకి చూడు. ఇటు."

"ఏంటే ఆ చూపు? నాకేమన్నా కొత్తగా కొమ్ములొచ్చాయా?"

మూడు వారాలు, కళ్ళు పసుపు, మాత్రలు ఆపాము. మధ్యాహ్నం చదివిన మాటలు నోట్లో చేదుగా తిరిగాయి.

మంగళవారం పొద్దున్నే ఆసుపత్రి వరసలో నిలబడ్డారు. అత్త గోడ పట్టుకుని కాసేపు, కోడలి భుజం పట్టుకుని కాసేపు నిలబడింది. ఓపీలో నర్సు బరువు చూసింది. మిషను మీద ఎక్కి కదలకుండా నిలబడితేనే అంకె ఆగుతుంది. అత్త ఊగుతూ నిలబడింది, అంకె కూడా ఆమెతోపాటు ఊగి ఊగి ముప్పై ఆరు దగ్గర ఆగింది.

డాక్టరు కుర్రవాడే. కాఫీ చల్లారిపోయి ఉంది, బల్ల మీద నలభై చీటీలు ఉన్నాయి. అత్త వయసు కొట్టాడు, బరువు కొట్టాడు, మాత్రల పేర్లు కొట్టాడు. తెర మీద ఒక గుండ్రం తిరిగి తిరిగి ఆకుపచ్చగా నిలబడింది.

"ఏం ఫరవాలేదు. కాలేయానికి ప్రమాదం తక్కువని చూపిస్తోంది. ఈ మాత్రలకు వాంతులు మామూలే. మానొద్దు."

"కళ్ళు పసుపుగా ఉన్నాయి సార్."

"ట్యూబులైటు వెలుగమ్మా." ఆయన తల ఎత్తలేదు.

"రక్తపరీక్ష ఏమన్నా..."

"ఎర్రగా వస్తే రాసేవాణ్ణి. ఆకుపచ్చ వచ్చినవాళ్ళందరికీ రాస్తే ల్యాబ్ వాళ్ళు నన్ను కొడతారు." అని, ఆమె కదలకపోవడం చూసి కాస్త మెత్తబడ్డాడు. "ఇది నేను చెప్పే మాట కాదమ్మా. ఎనభై వేల మంది రోగుల కేస్ షీట్లు చదివి చెబుతున్న మాట. నేను పుట్టినప్పటి నుంచీ చదువుతున్నా అన్ని చదవగలనా? బక్కగా ఉన్నవాళ్ళకు ఈ మాత్రలు ప్రత్యేకంగా చేసే చెడేమీ లేదని తేలింది."

చదువులమ్మ తెర వైపు చూసింది. ఆకుపచ్చ గుండ్రం కింద, మూలన, నల్లటి బీరువా మీద నీలి దీపం. ఆమె రోజూ పొద్దున్న కంప్యూటర్ తెరవగానే కనిపించే గుర్తు అది.



నిలబడగలిగినవాళ్ళకే బరువు ఉంటుంది. మరీ నీరసించి నిలబడలేనివాళ్ళ గడి ఖాళీగా వస్తుంది. ఆ గడిలో యాభై పడుతుంది. ఆ తర్వాత వాళ్ళ కళ్ళు పసుపెక్కితే యాభై కిలోల మనిషి కళ్ళు పసుపెక్కినట్టు, చచ్చిపోతే యాభై కిలోల మనిషి చచ్చిపోయినట్టు బీరువాలకు చేరుతుంది. బీరువాల లెక్కలో ముప్పై కిలోలవాళ్ళు, ముప్పై ఐదు కిలోలవాళ్ళు అసలు జబ్బే పడలేదు, ఎందుకంటే వాళ్ళు అసలు లేనే లేరు.

ఆమె తన చేతివేళ్ళ వైపు చూసుకుంది. చూపుడువేలు, మధ్యవేలు. ఐదు, సున్నా. బల్ల కింద వాటిని చీర కుచ్చిళ్ళకేసి తుడుచుకుంది.

"పదవే, వెనక జనం ఉన్నారు," అంది అత్త. "ఆకుపచ్చేగా వచ్చింది, సిగ్నల్ ఇచ్చేశాడు, పద."

బుధవారం బీరువాల అమ్మాయి వచ్చింది. పెద్ద కంప్యూటర్ల హాలులో పనిచేసే మనిషి వస్తుందని పది రోజుల నుంచి గదిలో హడావిడి. కట్టలకు దుమ్ము దులిపారు, ఫొటోకు అద్దం తుడిచారు. తీరా చూస్తే ఆమె అందరికంటే పొట్టిగా, వీపున పెద్ద సంచీతో, బడిపిల్లలా ఉంది. తొంభై సార్ సీసా తీసి చేతులు రుద్దుకుని నమస్కారం పెట్టాడు.

ఆమె ల్యాప్‌టాప్ తెరిచి అందరినీ దగ్గరికి పిలిచింది.

"మీరు పంపిన బరువులన్నీ గీస్తే ఇలా వచ్చింది. ఇదంతా గడ్డి మొలిచినట్టు ఉంది కదా, ఇక్కడ కొంచెం ఎత్తు, ఇక్కడ కొంచెం పల్లం. మనుషులు అలాగే ఉంటారు. మరి ఇదేంటి?"

గడ్డి నడుమ యాభై దగ్గర కరెంటు స్తంభంలా ఒక గీత నిటారుగా నిలబడి ఉంది.

మెరుపక్క చీరకొంగు సర్దుకుంది.

"మా దగ్గరికొచ్చేవాళ్ళంతా ఒకే తరహా జనం మేడమ్," అన్నాడు తొంభై సార్, ఏమాత్రం తడుముకోకుండా. "కూలినాలి జనం. ఒకటే తిండి, ఒకటే ఒళ్ళు. మీరు గేటు దగ్గర నిలబడి చూడండి, అందర్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటారు."

చదువులమ్మకు అసహ్యం వేసింది. ఆ అబద్ధానికి కాదు, అది ఆయన నోట్లోంచి వచ్చిన తీరుకు. నేతిలో వేలు పెట్టి తీసినట్టు వచ్చింది.

బీరువాల అమ్మాయి ఆయన్ను కాసేపు చూసింది. "ఈ స్తంభంలో ఉన్నవాళ్ళు మిగతావాళ్ళకంటే మూడు రెట్లు ఎక్కువగా చనిపోతున్నారు సార్. ఒకే అచ్చులో పోసినవాళ్ళు ఎందుకలా పోతున్నారో నాకు అర్థం కాలేదు. కాగితాలు మీ దగ్గరే ఉన్నాయి. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. తప్పు చేశామని భయపడక్కర్లేదు. మా దగ్గర ఏదీ చెరిగిపోదు. పాతదీ ఉంటుంది, కొత్తదీ ఉంటుంది, ఏ కుర్చీలోంచి ఎప్పుడు మారిందో కూడా ఉంటుంది. దిద్దితే దిద్దినట్టే తెలుస్తుంది."

ఆమె చూపు ఆరు మొహాల మీదుగా మెల్లగా వెళ్ళింది. చదువులమ్మ దగ్గరికి వచ్చేసరికి చదువులమ్మ నేల చూసింది. తొంభై సార్ టీ తెప్పించాడు. ఆ అమ్మాయి తాగలేదు, సంచీ వీపున వేసుకుని వెళ్ళిపోయింది.

మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు ఆగీ ఆగకముందే ఆయన తలుపు వేశాడు.

"విన్నారుగా. స్తంభం కనబడకూడదు. ఇక నుంచి నలభై ఆరుకీ యాభై నాలుగుకీ మధ్య చల్లండి. పాతవి కూడా తెరిచి చల్లండి. వరసగా రెండుసార్లు ఒకే అంకె రాకుండా చూసుకోండి, అంతే."

"ఎప్పుడు ఏది మారిందో తెలుస్తుందట కద సార్?" అని ఎవరో గొణిగారు.

"లక్ష షీట్లలో ఎవడు చూస్తాడమ్మా? గడ్డిలా ఉంటే గడ్డే అనుకుంటారు."

మెరుపక్క వేళ్ళు అప్పటికే ఆడుతున్నాయి. "నలభై ఏడు, యాభై రెండు, నలభై తొమ్మిది..." పాప్‌కార్న్ తింటున్నట్టు అంకెలు నములుతోంది. "ఇదేదో బాగుందే! పిల్లలతో తంబోలా ఆడినట్టుంది. యాభై మూడు! ఎవరిదమ్మా యాభై మూడు?"

గదంతా మళ్ళీ నవ్వింది. ఈసారి చదువులమ్మ నవ్వలేదు. లేచి మెట్లు దిగి కింద లాండ్రీ వాకిట్లో నిలబడింది.

అక్కడ మేస్త్రీ దుప్పట్ల మూటలు తూస్తున్నాడు. నేలకు తగిలేంత ఎత్తులో వెడల్పాటి ఇనపపలక, పక్కన గడియారం లాంటి ముల్లు, కింద నాలుగు చక్రాలు. ఒక్కో మూటనూ పలక మీదికి దొర్లించి, ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టినట్టు చూసి, గోడకు కట్టిన పుస్తకంలో రాస్తున్నాడు. ఒక మూట దగ్గర తల అడ్డంగా ఊపి దించేసి, మళ్ళీ ఎక్కించి తూచాడు.

"ఏమైంది తాతా?"

"పావుకిలో తేడా వచ్చింది తల్లీ. తడి మిగిలి ఉంటుంది." మళ్ళీ రాశాడు. "పైవాళ్ళు నెలాఖరుకు పుస్తకం చూస్తారు. దుప్పటి లెక్క తప్పితే ఊరుకుంటారా?"

చదువులమ్మ ఆ పుస్తకం వైపే చూస్తూ నిలబడింది. ముప్పై ఎనిమిదింపావు. నలభై ఒకటిన్నర. ముప్పై ఏడు ముప్పావు. చెమటతో, చీముతో వచ్చిన దుప్పట్లకు కూడా ఎవరి బరువు వాటికి ఉంది. ఆ దుప్పట్లలో పడుకున్నవాళ్ళకే లేదు.

పైకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. తాను చేసిన పాత షీట్లు తెరిచింది. బరువు గడిలో యాభై ఉన్నవి ఎన్ని అని అడిగితే కంప్యూటర్ రెప్పపాటులో చెప్పింది: వెయ్యీ తొమ్మిది వందల పన్నెండు. వెనక కట్టల్లోంచి మొదటి కాగితం వెతికి తెచ్చుకుంది. చదివింది. 'తెలియదు' నొక్కింది. మూడు పేజీలు తెరుచుకున్నాయి.

ఎందుకు తెలియదు? రోగి నిలబడలేకపోయారు, బరువు చూడలేదు.

ఎవరినైనా అడిగారా? లేదు.

అంతకుముందు ఏం వేశారు? యాభై. నేనే వేశాను.

నేనే అని కొట్టేటప్పుడు వేళ్ళు తడబడ్డాయి. రెండోసారికి తడబడలేదు. సాయంత్రం దాకా కూర్చుంటే పదిహేడు అయ్యాయి.

"పదిహేడా?" తొంభై సార్ ఆమె తెర మీదికి వంగాడు, చదివాడు, మొహం మాడింది. "ఏంటిది? ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు సార్. షీట్లలో రాసుంది."

"చెరిపెయ్."

"చెరిగిపోవట సార్."

ఆయన సీసా తీసి చేతులు రుద్దుకుంటూ, "రేపు మాట్లాడదాం" అన్నాడు, ఇంకెవరి చేతులో కడుగుతున్నట్టు, చాలాసేపు రుద్దుతూ.

గురువారం పొద్దున్న తొంభై సార్ మాట్లాడకముందే ఫోన్ మోగింది. బీరువాల అమ్మాయి ఆరో కుర్చీని అడిగింది. ఆయన రిసీవర్‌ను తేలును పట్టుకున్నట్టు పట్టుకుని అందించాడు.

"రాత్రంతా మీ పదిహేడూ చదివాను. అన్నిట్లో ఒకటే మాట, నిలబడలేకపోయారు. స్తంభం ఏంటో ఇప్పుడు తెలిసింది. ఇలాంటివి ఇంకా ఎన్నుంటాయి?"

"నావే పంతొమ్మిది వందలు. గదిలో అందరివీ కలిపితే నాకు తెలీదు."

అటువైపు ఏదో రాసుకుంటున్న చప్పుడు వినబడింది.

"డాక్టర్ల దగ్గరున్న ఆకుపచ్చ గుండ్రం ఆపేస్తారా?" చదువులమ్మ అడిగింది.

"ఆపమని ఇవాళే రాస్తాను. పెద్దవాళ్ళు కూర్చుని ఒప్పుకోవాలి. రెండు మూడు వారాలు పట్టొచ్చు."

"మా అత్త కూడా టీబీ మాత్రలే వాడుతోందమ్మా. కళ్ళు పసుపెక్కాయి. ఆకుపచ్చ వచ్చిందని పరీక్ష రాయలేదు."

"అయితే మీరు నా కోసం ఆగకండి," అంది ఆ అమ్మాయి వెంటనే. "ఆ గుండ్రం ఇచ్చేది సలహా, అంతే. బీరువాలకు కళ్ళు లేవు, మీరు లోపల పెట్టిందే బయటికి ఇస్తాయి. కళ్ళున్న డాక్టర్‌ని చూడమనండి. ఇప్పుడే వెళ్ళండి."

చదువులమ్మ ఎవరినీ అడగకుండా వెళ్ళిపోయింది. ఇంటికి చేరేసరికి కాజాల చొక్కాలు మూటగట్టి ఉన్నాయి. అత్త గోడవైపు తిరిగి పడుకుని ఉంది. గిన్నెలో మాత్రలు, పక్కన నీళ్ళు.

"వేసుకున్నావా?"

"వేసుకుంటే బయటికొచ్చాయి. మళ్ళీ వేసుకుందామని కూడగట్టుకుంటున్నా." గొంతులో వెటకారం అడుగంటింది. "మానొద్దన్నాడుగా నీ డాక్టరు."

చదువులమ్మ మాత్రలు తీసి కొంగున ముడివేసింది. ఆటో లోపలిదాకా పిలిచి, అత్తను రెండు చేతుల మీద ఎత్తి కూర్చోబెట్టింది. ఎత్తినప్పుడు తెలిసింది, ఆ మనిషిలో ఎత్తడానికి ఏమీ మిగల్లేదని. సోమవారం చదివిన షీటు చేతుల్లో ఉన్నట్టే ఉంది.

డాక్టరు చూసి నొసలు చిట్లించాడు. "మొన్నే కదమ్మా వచ్చారు? ఆకుపచ్చే కదా?"

"ఆ ఆకుపచ్చ నేను పెట్టిందే సార్."

ఆయన నవ్వాడు. "మీరా?"

"పై గదిలో టైపు చేస్తాను. నిలబడలేనివాళ్ళ బరువు గడి ఖాళీగా వస్తుంది, అందులో యాభై కొడతాను. ఏడాది నుంచి కొడుతున్నాను. నాతోపాటు ఇంకా ఐదుగురు కొడుతున్నారు. మీ ఎనభై వేలమందిలో ముప్పై కిలోలవాళ్ళు లేరు సార్. నిజంగా ఉన్నవాళ్ళను మేము యాభైలో దాచేశాం. వాళ్ళకేమైందో ఈ గుండ్రానికి తెలీదు." ఇన్ని మాటలు ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడి ఎరగదు. ఊపిరి అందక ఆగి, మళ్ళీ అంది, "ఒక్కసారి దాని మీంచి కళ్ళు తీసి మా అత్త కళ్ళలోకి చూడండి."

గదిలో వరసలో ఉన్నవాళ్ళంతా ఇటే చూస్తున్నారు. డాక్టరు మొహం ఎర్రబడింది. లేచి బల్ల ఇటువైపు వచ్చాడు. అత్త గడ్డం పట్టి కిటికీ వైపు తిప్పి, బొటనవేలితో కింది రెప్ప లాగాడు. అలాగే కొన్ని క్షణాలు పట్టుకుని ఉన్నాడు.

"ట్యూబులైటు కాదు కద నాయనా?" అంది అత్త, కళ్ళు అలాగే ఉంచి.

ఆయన వెళ్ళి చీటీ మీద పరీక్ష రాశాడు. దాని పక్కన అత్యవసరం అని రాసి రెండు గీతలు కొట్టాడు.

మధ్యాహ్నం ఫలితం వచ్చింది. కాలేయం బాగా దెబ్బతింది. మాత్రలన్నీ ఆపి వార్డులో చేర్చుకున్నారు. తేరుకుంటుంది అన్నాడు డాక్టరు, తేరుకున్నాక వేరే మందులు, బరువును బట్టి, జాగ్రత్తగా. "ఇంకో వారం వేసుకుని ఉంటే..." అని మొదలుపెట్టి ఆ మాట పూర్తి చేయలేదు. వెళ్తూ వెళ్తూ ఆగి, "నేను కూడా చూసి ఉండాల్సింది" అన్నాడు, గోడతో చెబుతున్నట్టు.

శుక్రవారం పొద్దున్న చదువులమ్మ వార్డుకు వెళ్ళేసరికి అత్త కొంచెం కళ్ళు తెరిచి, మంచినీళ్ళు అడిగి, పక్క మంచం ఆవిడ గురక గురించి ఫిర్యాదు చేసింది. అంటే తేరుకుంటోంది. చదువులమ్మ మంచం చివర వేలాడుతున్న కేస్ షీటు అందుకుంది. అలవాటు. పైనుంచి కిందికి చదవడం మొదలుపెట్టింది.

వయసు, జబ్బు, ఆపేసిన మందులు. బరువు: యాభై కిలోలు.

నీలి సిరా ఇంకా మెరుస్తోంది.

"నర్సమ్మా, ఈ బరువు ఎవరు చూశారు?"

"చూసేదేముందమ్మా? మొన్న ఏదో చూశారట, ఆ చీటీ ఓపీలో ఉండిపోయింది. ఇప్పుడు నిలబడలేదుగా." నర్సు సూదిమందు సీసా పైకెత్తి గాలి బుడగలు తీస్తోంది. "నిన్నటి నుంచి ఖాళీగా పంపితే మీ పై గదిలోంచి ఫోన్ చేసి తిడుతున్నారు, మా పని ఆగిపోతోందని. గొడవెందుకని మేమే యాభై వేసి పంపుతున్నాం. అదే కద మీరూ వేసేది?"

ఇన్నాళ్ళూ అబద్ధం తెర మీద మొదలయ్యేది. కాగితం దగ్గరికి వెళ్ళి చూస్తే నిజం ఒక చిన్న గీత రూపంలోనైనా మిగిలి ఉండేది. ఇప్పుడు అది మెట్లు దిగి వార్డులోకి వచ్చి, మంచాల చివర వేలాడుతోంది. ఇక ఏ బీరువా పట్టుకుంటుంది? ఏ చదువులమ్మ చదివి పట్టుకుంటుంది? వేలుపెట్టి సిరాను తాకితే వేలికి అంటుకుంది.

"డాక్టరు కొత్త మందులు దీన్ని చూసే రాస్తాడు," అంది.

"మరేం చేయమంటావు? నిలబడని మనిషిని ఎలా తూచాలి?"

చదువులమ్మ షీటు మంచం మీద పెట్టి కిందికి దిగింది.

మేస్త్రీ ముందు వినలేదు. లాండ్రీ త్రాసు వార్డుకు పోవడమేమిటన్నాడు. తర్వాత ఆమె మొహం చూసి ఇంకేమీ అడక్కుండా పలక మీదున్న మూట దించేశాడు. దుప్పట్లు పైకి వెళ్ళే లిఫ్టులోనే త్రాసు కూడా వెళ్ళింది. వరండాలో దాని ఇనపచక్రాలు గడగడలాడుతుంటే మంచాల మీదివాళ్ళు తలలెత్తి చూశారు.

ఉతికిన దుప్పటి ఒకటి నాలుగు మడతలు పెట్టి పలక మీద పరిచారు. మేస్త్రీ ముల్లును సున్నాకు తిప్పాడు. చదువులమ్మ అత్తను ఎత్తి దాని మీద కూర్చోబెట్టింది.

"ఇదెక్కడి సింహాసనమే?" అంది అత్త. కాళ్ళు ముడుచుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "పిన్నీసులున్నాయేమో చూడండి నాయనా, మీ బట్టల్లో ఉంటాయి."

"కదలకండమ్మా."

మేస్త్రీ ఊపిరి బిగబట్టి ముల్లు వైపు వంగాడు. ముల్లు వణికి, ముందుకెళ్ళి, వెనక్కి వచ్చి ఆగింది.

"ముప్పై మూడున్నర," అన్నాడు, పుస్తకంలో రాసే గొంతుతో. తర్వాత ఆ గొంతు మారింది. "తల్లీ, నా మూటలే నయం."

చదువులమ్మ యాభైని ఒక్క గీతతో కొట్టేసి, అది కింద కనబడేలాగే ఉంచి, పక్కన ముప్పై మూడున్నర అని రాసింది. తారీఖు వేసింది.

"కొట్టివేతలుంటే మీ పై గదివాళ్ళు షీటు తిప్పి పంపుతారు, చెబుతున్నా," అంది నర్సు.

"నా దగ్గరికి పంపండి. నేను చదువుతాను."

అత్తను మంచం మీదికి చేర్చి దుప్పటి కప్పింది. అప్పుడు పక్క మంచం చివర ఉన్న షీటు తిప్పి చూసింది. యాభై. దాని పక్కది చూసింది. యాభై. ఎదుటి వరసలో గోడవార ముడుచుకుని పడుకున్న ముసలాయన, ఆయన చేతి మణికట్టు ఆమె రెండు వేళ్ళంత కూడా లేదు. యాభై. తొమ్మిది మంచాలకు తొమ్మిది.

మేస్త్రీ త్రాసు పిడి పట్టుకుని లిఫ్టు వైపు తిప్పబోయాడు.

"ఆగండి తాతా," అంది చదువులమ్మ. దుప్పటి మడతలు సరిచేసి, రెండు చేతులతో త్రాసును ముసలాయన మంచం వైపు నెట్టింది.